రెండో చేయి వెనక ఉండవలెను

ఆ రోజు ఉదయం ఆకాశం ఏ పనీ పెట్టుకోలేదు. మబ్బు లేదు, గాలి లేదు. మార్టూరు వైపు రాతి దుమ్ము తెల్లగా కూర్చుని ఉంది, పొదిలి వైపు మొత్తం ఖాళీ. కల్లంలో మిరపకాయలు ఆరబోసుకున్నవాడికి ఇంతకన్నా మంచి ఆకాశం దొరకదు. సరిగ్గా అలాంటి రోజునే, మనిషి కత్తి తెరవడం నేర్చుకున్న కొన్ని వేల ఏళ్ళ తర్వాత, దాన్ని మూయడానికి అనుమతి ఉండాలన్న సంగతి మా కోల్డ్ స్టోరేజీ గేటుకి అంటించారు.

కాగితం పైన 'జిల్లా మడత సాధనాల భద్రతా మండలి' అని ఉంది. (అలాంటి మండలి ఒకటి ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. మేమున్నామని వాళ్ళకు తెలియడమే విచిత్రం.) కింద ఇలా ఉంది: 'మీట నొక్కినచో తెరుచుకొను కత్తులను, సగము తోసినచో మిగిలిన సగము తామే తెరుచుకొను కత్తులను ఒంటిచేత్తో మూయగలిగిన వారిని మాత్రమే ఆవరణలోనికి అనుమతించవలెను.'

ఇమాం హుస్సేన్‌కి కళ్ళజోడు లేదు. నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఏం రాశార్రా?"

"కత్తి ఒక చేత్తో మూయడం రావాలంట."

"వస్తే?"

"లోపలికి రానిస్తారంట."

"మరి ఇన్నాళ్ళూ నేను ఎట్టా వచ్చాను?"

"గేటులోంచి," అన్నాను.

మా పని ఏమిటో చెప్పకపోతే ఈ కాగితం గొప్పతనం తెలియదు. మిరపకాయలను గోతాల్లో తొక్కి నింపుతారు. ఆ గోతాన్ని మేం టిక్కీ అంటాం. కొనేవాడు వచ్చినప్పుడు టిక్కీ మూల కుట్టు నాలుగు అంగుళాలు కోసి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయ తీసి చూపించాలి. అది మచ్చు. కోసిన మూలని, అంటే టిక్కీ చెవిని, ఎడమ చేత్తో బిగించి పట్టుకోవాలి. వదిలితే తొక్కిన కాయ ఊరుకోదు, బయటికి దూకుతుంది. కాబట్టి కుడిచేత్తో కోసి, అదే కుడిచేత్తో కత్తి మూసి జేబులో వేసుకుని, అదే కుడిచేత్తో మచ్చు తీయాలి. కత్తిని ఒంటిచేత్తో మూయాలన్నది ఎవరో పెట్టిన నియమం కాదు. మిరపకాయ పెట్టింది.

మా షెడ్డులో మచ్చు కోసేది ఇమాం హుస్సేన్. వెనకే దబ్బనం, పురికొస పట్టుకుని ఆ కుట్టు మళ్ళీ వేసేది నేను. అతను కోస్తాడు, నేను కుడతాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు పోయారు గాని మేం అలాగే ఉన్నాం.

ఇమాం హుస్సేన్‌కి ఎడమ చెయ్యి మణికట్టు దాకానే. ఇరవై రెండేళ్ళ కింద జిన్నింగ్ మిల్లులో పత్తితో పాటు పోయింది. అందువల్ల టిక్కీ చెవిని మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకుంటాడు. కుడి తొడ మీద ప్యాంటుకి, కత్తి ఆనించుకునే చోట, అతని భార్య మౌలాబీ ఒక తోలు ముక్క కుట్టింది. అది చెప్పు అడుగులా నిగనిగలాడుతూ ఉంటుంది. జిల్లా మొత్తం మీద ఒంటిచేత్తో కత్తి మూయడం గురించి ఎవరైనా కాగితం రాయాలనుకుంటే, ముందు వచ్చి ఆ తోలు ముక్కను చూసి ఉండాల్సింది. చూడలేదు. కాగితం రాసేవాళ్ళు తొడలు చూడరు.

ఇంతకుముందు మా దగ్గర మామూలు మడత కత్తులే ఉండేవి. ఈ ఏడాది ఒక పురుగుమందుల కంపెనీ క్యాలెండరు బదులు కత్తులు పంచింది. సగం మందికి మీట కత్తి: నొక్కితే చటుక్కున బయటికొస్తుంది. మిగతా సగానికి బొటనవేలితో కాస్త తోస్తే తర్వాత తనే దూకే కత్తి. దాన్ని మేం సగం ఆటోమేటిక్ అన్నాం. తెరవడం ఎంత సుఖమో చెప్పలేను. మొదటి వారం మేం వాటిని తెరవడానికే పనికి వెళ్ళాం. మూయడం దగ్గర మాత్రం అవి పాత కత్తుల్లా లేవు. లోపల స్ప్రింగు ఉంది. దానికి మన మాట వినే అలవాటు లేదు.

ఆ వారంలోనే ఏదో ఆఫీసు నుంచి తేమ చూడటానికి వచ్చిన ఒక గుమాస్తా ముచ్చటపడి ఒకటి తీసుకుని తెరిచి, రెండు చేతులతో మూస్తూ ఎడమ చూపుడు వేలు కోసుకున్నాడు. నివేదిక పైకి వెళ్ళింది. పైన ఎవరో లెక్క వేశారు: రెండు చేతులతో మూస్తే పది వేళ్ళకు ప్రమాదం, ఒక చేత్తో మూస్తే ఐదింటికే. ప్రమాదం సరిగ్గా సగానికి తగ్గుతుంది. మండలి అలా పుట్టింది.

పదిహేను రోజుల్లో పరీక్ష అన్నారు. మా షెడ్డులో మోసేవాళ్ళు, తూచేవాళ్ళు, కుట్టేవాళ్ళు కలిసి పద్నాలుగు మందిమి. ఒక్కడికీ ఒంటిచేత్తో మూయడం రాదు. అందరం ఇమాం హుస్సేన్ చుట్టూ చేరాం. మధ్యాహ్నం పూట రేకుల కింద బడి పెట్టాడు.

"బటన్ నొక్కి పట్టు. వదలకు. ఇప్పుడు కత్తి వీపు తొడకి ఆనించు. వీపురా బాలస్వామీ, పదును కాదు! ఆ తొడ నీదేగా?"

"నాదే."

"మరి కాస్త జాలి చూపించు. కత్తిని నెట్టబాకు. పిడిని కిందికి వంచు. కత్తి ఉన్నచోటే ఉండిద్ది, పిడే వచ్చి దాన్ని మూసిద్ది. వేళ్ళు ఆ గాడికి అడ్డం పెట్టకు. స్ప్రింగు ఎదురు తిరిగిద్ది, తిరగనీ. దానితో పోట్లాడకు, ఆనించి ఉంచు. చివరికొచ్చాక బటన్ వదులు. టక్ అనాలి."

టక్ అనలేదు. చర్రుమంది. నా ప్యాంటు.

"సగం ఆటోమేటిక్ దాంతో ఇంకా జాగ్రత్త," అన్నాడు తూకం వేసే సాల్మన్ వైపు తిరిగి. "సగం దాకా మొండికేసిద్ది. సగం దాటిందంటే తనే పరిగెత్తుకొచ్చి కొరికిద్ది. మనుషుల్లో కూడా ఉంటారు అట్టాంటోళ్ళు."

నాలుగు రోజుల్లో నావి మూడు ప్యాంట్లు పోయాయి. మూడోది చూసి మా ఆవిడ రెబ్కా నిలబడిపోయింది.

"చర్చికి వేసుకెళ్ళే ప్యాంటు మీద కూడా కత్తి మూశావా?"

"అది కాస్త మందంగా ఉందని."

"పద్దెనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ గోతాలన్నీ కుట్టావుగా. నీ గోతం నువ్వే కుట్టుకో."

కుట్టుకున్నాను. ఆ ఆదివారం ప్రార్థనలో మోకరించినప్పుడు నా తొడ మీద పురికొస కుట్టు చూసి వెనక వరసలో ఎవరో నవ్వారు. దేవుడు కాదని అనుకుంటున్నాను.

అయినా వచ్చింది. ఏడో రోజుకి టక్ అంది. అందరికీ వచ్చింది. ఇమాం హుస్సేన్ ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, వేళ్ళు పట్టుకుని జరిపి, తిట్టి నేర్పాడు. ఆ పదిహేను రోజులు అతను ఉన్నంత ఉషారుగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇల్లు గడిచేది ఈ నాలుగు నెలల మచ్చు కోత మీదే. మిగతా ఏడాది ఎవరూ ఒంటిచేతి మనిషిని పనికి పిలవరు. ఆ పనికి ఇప్పుడు పరీక్ష పెట్టారు, పరీక్షలో అడిగేది తనకొచ్చిందే. మనిషికి ఇంకేం కావాలి?

పరీక్షకి ముందు సన్నాహక సమావేశం జరిగింది. దానికి మండల స్థాయి మూత పర్యవేక్షణాధికారి వీరబ్రహ్మం గారు వచ్చారు. మంచి మనిషి. నియమం చదివేటప్పుడు కూడా గొంతు పెంచడు. తూకం దిమ్మె మీద నిలబడి ఆరు నియమాలు చదివి, "శ్రామిక సోదరుల నుంచి సూచనలు ఏమైనా ఉంటే ఆహ్వానిస్తున్నాం," అన్నాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళలో ఏ మీటింగులోనూ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ బాగానే జరిగిపోయింది. అంతకు కాసేపటి ముందు నమూనాగా సాల్మన్ చేత కత్తి మూయించారు. సాల్మన్ చాలా వేగంగా మూశాడు. అధికారి చప్పట్లు కొట్టాడు. కానీ సాల్మన్ ఎడమచేతి చిటికెన వేలు చొక్కా కిందనుంచి వచ్చి కత్తి వీపును కాస్త తోసి మళ్ళీ లోపలికి వెళ్ళడం నేను చూశాను. చూసిన సంగతి కడుపులో ఆగలేదు.

"రెండో చెయ్యి ఎక్కడుందో కూడా చూడాలి కదండీ," అన్నాను.

అంతా నవ్వారు. సాల్మన్ నవ్వలేదు. టిక్కీల మీద కూర్చున్న ఇమాం హుస్సేన్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. "బాగా పట్టావురా దొంగని!" అన్నాడు. వీరబ్రహ్మం గారు దిమ్మె దిగి వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. నా పేరు, తండ్రి పేరు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట నా నోట్లో తియ్యగా ఉంది.

వారానికి అది ఏడో నియమమై వచ్చింది: 'పరీక్షా సమయమున అభ్యర్థి యొక్క రెండవ చేయి, వీపు వెనక, అరచేయి తెరిచి, పరీక్షకునికి కనిపించునట్లు ఉండవలెను. కనిపించని యెడల, అది మూతకు సహకరించినట్లుగా భావించబడును.'

చదివి నేను గర్వపడ్డాను. నిజం చెప్పాలి కదా.

పరీక్ష రోజు ఫోన్లో ఒక యాప్ తెచ్చారు. దాని పేరు 'మూత'. కత్తి మూస్తుంటే అది ముఖాన్ని ముందునుంచి వీడియో తీస్తుంది, మనిషి మారలేదని తెలుసుకోవడానికి సరిగ్గా కత్తి తొడ మీదికి వచ్చే సమయంలో 'కళ్ళు ఆర్పండి' అంటుంది. ఆర్పాలి. ఆర్పకపోతే మనం మనం కాదు. (ఆర్పితే వేళ్ళు వేళ్ళు కావు. దాని గురించి యాప్‌లో ఏమీ లేదు.) వెనక ఇంకో ఫోన్ రెండో చేతిని తీస్తుంది.

నేను మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాను. సాల్మన్ మూడోసారికి పాసై, వెళ్తూ వెళ్తూ నా కాలు తొక్కాడు. నియమానికి సూచన ఇచ్చినవాడిగా నాకు ఒకటో నంబరు కార్డు ఇచ్చారు. మెడలో వేసుకునే నీలం తాడు, ప్లాస్టిక్ తొడుగు, ఫోటో.

చివర్లో ఇమాం హుస్సేన్ వచ్చాడు. అప్పటిదాకా పాసైన పద్నాలుగు మందిమీ గురువుని చూడటానికి నిలబడ్డాం. అతను కత్తి తీసి, తెరిచి, మూశాడు. ఎప్పుడు మూశాడో తెలియదు. టక్ అన్నది మాత్రం వినిపించింది. రెండు కళ్ళూ చక్కగా ఆర్పాడు.

వీరబ్రహ్మం గారు చప్పట్లు కొట్టబోయి, వెనక ఫోన్ వైపు చూసి ఆగాడు. ఇమాం హుస్సేన్ వెనక్కి వెళ్ళి వంగి చూశాడు.

"ఏమండీ, రెండో చెయ్యి?"

"లేదండి."

"ఇప్పుడు లేదా, మొత్తానికే లేదా?"

"ఇరవై రెండేళ్ళ నుంచి లేదండి."

"మరి కనిపించాలి కదండీ."

ఫోన్‌లో ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'రెండవ చేయి కనుగొనబడలేదు. సహకరించినట్లుగా భావించడమైనది.'

"లేని చెయ్యి ఎట్టా సాయం చేసిద్దండీ?" అన్నాడు ఇమాం హుస్సేన్. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"లేదని మీరు అంటున్నారు. నేను నమ్ముతాను. యాప్ నమ్మాలి కదా. దానికి కనిపించనివన్నీ ఒకటే, దాచినా, పోయినా." తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "ఒక పని చేయండి. లేదని కాగితం తీసుకురండి," అన్నాడు.

కాగితం ఉంది. మర్నాడు ఇమాం హుస్సేన్ వికలాంగుల ధ్రువపత్రం ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చాడు. అధికారి రెండుసార్లు చదివాడు.

"అరవై శాతం అని ఉంది."

"అవునండి."

"అంటే చెయ్యి అరవై శాతం లేదు."

"లేదండి."

"మిగతా నలభై శాతం పరీక్ష సమయంలో ఎక్కడుంది?"

ఇమాం హుస్సేన్ నా వైపు చూశాడు. ఆ రోజు మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అక్కడ క్యాలెండరు లేదు. ఆ ఏడాది కత్తులు ఇచ్చారని చెప్పాను కదా. గోడనే చూశాను.

అతను శాతం పెంచమని ఆసుపత్రికి వెళ్ళాడు. రెండు బస్సులు మారి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వరసలో నిలబడ్డాడు. ఇంకో చెయ్యి కూడా పోతే పెరుగుతుందని చెప్పారట. అలా పెరిగాక కత్తి ఎలా మూయాలో అది వేరే విభాగం చూస్తుందన్నారట.

ఈలోగా గేటు దగ్గర అతన్ని ఆపేశారు. మొదటి రెండు రోజులు వచ్చి బయట నిలబడ్డాడు. మూడో రోజు రాలేదు. మచ్చు కోసే పని ఆగకూడదు కాబట్టి ఒకటో నంబరు కార్డు ఉన్నవాడికి, అంటే నాకు, అప్పగించారు. కార్డు మీద 'మచ్చు కోత' అని కొత్త స్టిక్కరు అంటించారు. కుట్టే పని సాల్మన్‌కి ఇచ్చారు. అతను నా వెనక దబ్బనం పట్టుకుని నిలబడ్డప్పుడల్లా నేను కాస్త పక్కకి జరిగేవాణ్ణి.

నేను ఏమీ చెయ్యలేదని అనుకోవద్దు. వీరబ్రహ్మం గారి ఆఫీసుకి వెళ్ళాను. ఏడో నియమం తీసేయమని అడిగాను.

"మీరిచ్చిన సూచనే కదండీ," అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా కుర్చీ చూపిస్తూ. "సంతకం కూడా ఉంది. తీసేయొచ్చు. దానికి పద్ధతి ఉంది. సూచన ఇచ్చినవారికి ఆ సమయంలో విషయం తెలియదని వారే రాసివ్వాలి."

"రాసిస్తాను."

"మంచిది. అయితే విషయం తెలియనివారికి ఒకటో నంబరు కార్డు ఉండటానికి వీల్లేదు. కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళండి. నియమం సంగతి మూడు నెలల్లో తేలుస్తాం."

మూడు నెలలంటే సీజను అయిపోతుంది. ఇద్దరమూ గేటు బయటే ఉంటాం. ఆలోచించుకుని వస్తానని చెప్పి బస్టాండులో బల్ల మీద కూర్చుని ఆలోచించాను. ఇద్దరు బయట ఉండేకన్నా ఒకడు లోపల ఉండటం నయం కదా అని ఆలోచించాను. ఆ ఒకడు నేనెందుకు కావాలన్న దాని గురించి కూడా ఆలోచిద్దామనుకునేసరికి పర్చూరు బస్సు వచ్చింది. కార్డు మెడలోనే ఉంది. ఫోటో బాగా వచ్చింది కూడా.

మచ్చు కోయడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. ఏడో నియమం పరీక్షకే కాదు, పనికీ వర్తిస్తుందట. షెడ్డులో ముందొకటి, వెనకొకటి కెమెరాలు పెట్టి యాప్‌కి కలిపారు. కత్తి మూసేటప్పుడు ఎడమ చెయ్యి వెనక ఉండాలి. ఎడమ చెయ్యి వెనక పెట్టాలంటే టిక్కీ చెవి వదలాలి. చెవి వదిలితే కాయ దూకుతుంది. ఏ చెయ్యి ఖాళీగా లేదని ఒంటిచేత్తో మూయడం మొదలైందో, ఆ చేతిని ఖాళీగా వెనక పెట్టుకుని, కాళ్ళ మీద మిరపకాయలు పడుతుంటే చూస్తూ నేను కత్తి మూశాను. కొనడానికి వచ్చినవాళ్ళు గౌరవంగా పక్కకి తప్పుకున్నారు.

నాలుగో రోజు నా మీట కత్తిలోకి కారం దుమ్ము వెళ్ళి మీట బిగుసుకుపోయింది. సాల్మన్ దగ్గర సగం ఆటోమేటిక్ తీసుకున్నాను. రెండింటి మూత వేరని ఇమాం హుస్సేన్ చెప్పాడు. చెప్పింది సాల్మన్‌కి గదా అని నేను సరిగా వినలేదు. తెరిచిన కత్తిని ఆపి పట్టే తాళపు రేకుని బొటనవేలితో పక్కకి జరిపి, కత్తి వీపు తొడకి ఆనించి వంచాను. సగం దాకా మొండికేసింది. నేను గట్టిగా నొక్కాను. సగం దాటాక అదే వచ్చింది. నా వేళ్ళు ఇంకా గాడిలోనే ఉన్నాయి.

మిరపకాయలో పొద్దుటినుంచి నానిన చేతికి కత్తి గాటు పడితే మనిషి ఎలా అరుస్తాడో నాకు తెలియదు. నేను అరిచింది నాకు వినపడలేదు. షెడ్డు బయట లారీ డ్రైవరు హారన్ అనుకున్నాడట. మూడు వేళ్ళకు కలిపి తొమ్మిది కుట్లు వేశారు. (దబ్బనంతో నేను ఇంకాస్త దగ్గరగా వేసేవాణ్ణి.)

మండలి నివేదిక రెండు రోజుల్లో వచ్చింది. మామూలుగా ఇంత త్వరగా రాదు. 'దృశ్యములను పరిశీలించగా, సంఘటన జరిగిన సమయమున కార్డుదారుని రెండవ చేయి వీపు వెనక, అరచేయి తెరిచి, స్పష్టముగా కనిపించుచున్నది. నియమములన్నియు పాటించబడినందున దీనిని ప్రమాదముగా పరిగణించుటకు వీలులేదు.'

ప్రమాదం జరగలేదు కాబట్టి సెలవు లేదు. కుడిచేతికి బొంత లాంటి కట్టుతో నేను షెడ్డులో నిలబడ్డాను. టిక్కీలు పేరుకుపోయాయి. కొనేవాళ్ళు కేకలు వేశారు. మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసు చూసే సుబ్బరావమ్మ గారు (రిజిస్టరు, తాళాలు, తిట్లు ఆమె చేతిలో ఉంటాయి) ఫోన్ తీసి వీరబ్రహ్మం గారికి చేసింది.

"అయ్యా, నీ నియమాలు పెట్టుకుని నువ్వు చల్లగా ఉన్నావు. ఇక్కడ పదిహేను లారీలు ఎండలో ఉన్నాయి. చేతులున్నోడికి కొయ్యడం రాదు, కొయ్యడం వచ్చినోణ్ణి రానియ్యవు. నువ్వొచ్చి కోస్తావా? కొయ్యి. నేను టిక్కీ పట్టుకుంటా."

ఆయన వచ్చాడు. కోయడానికి కాదు. ఈలోగా ఇంకా లావెక్కిన నియమాల పుస్తకం తెచ్చాడు. తూకం దిమ్మె మీద కూర్చుని గంటసేపు చదివి, పన్నెండో నియమం దగ్గర వేలు పెట్టి తల ఎత్తాడు. ఆ ముఖంలో నిజమైన సంతోషం చూశాను. మనిషికి మేలు చేయాలనే ఉంది ఆయనకి. దారి పుస్తకంలో దొరకాలంతే.

"చెయ్యి పనిచేయని కార్డుదారుకి సహాయక అవయవం నమోదు చేసుకోవచ్చు," అన్నాడు. "అవయవానికి కార్డు అక్కర్లేదు. పరీక్ష అక్కర్లేదు."

"అవయవం అంటే?" అన్నాను.

"మీకు నమ్మకమైనవారు ఎవరైనా."

ఫారంలో 'కార్డుదారుని రెండవ చేయి వివరములు' అన్న గడి ఉంది. అందులో ఆయనే స్వయంగా రాశాడు: షేక్ ఇమాం హుస్సేన్. ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు. కింద నేను ఎడమచేత్తో సంతకం పెట్టాను. అది నా సంతకంలా లేదు. పర్వాలేదన్నారు.

కబురు నేనే మోసుకెళ్ళాను. ఇమాం హుస్సేన్ ఇంటి ముందు మౌలాబీ తాలు కాయలు ఏరుతోంది. అతను అరుగు మీద కూర్చుని కత్తి తుడుస్తున్నాడు. అంతా విన్నాడు. తుడవడం ఆపలేదు.

"లోపలికి రానిస్తారంట," అన్నాను చివర్లో.

"నీ చెయ్యిగానా?"

"కాగితంలో."

"రూలు ప్రకారం చెయ్యి ఎక్కడుండాలి?"

ఆ నియమం అతనికి నాకన్నా బాగా వచ్చు.

మౌలాబీ చేట పక్కన పెట్టింది. "పోనీ వెళ్ళండి. వెనక ఉంటే ఏం? పని పనేగా," అంది. ఆమె నా ముఖం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర అతను నాకన్నా ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. అవయవం ఒంటరిగా లోపలికి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి నా కోసం ఆగాడు. పద్దెనిమిదేళ్ళుగా నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి చొక్కా సర్దుకుని పక్కకి జరిగాడు.

"పదండి బాలస్వామి గారూ," అన్నాడు. "మీ చెయ్యి వచ్చింది."

లోపల పని చక్కగా కుదిరింది. ముందు కెమెరాకి కార్డు కనిపించేలా నేను నిలబడతాను. నా వెనక టిక్కీ పెడతారు. దాని చెవిని మోకాళ్ళ మధ్య నొక్కుకుని ఇమాం హుస్సేన్ కోస్తాడు, తొడ మీద టక్‌మనిపిస్తాడు, మచ్చు తీస్తాడు. యాప్ కళ్ళు ఆర్పమంటుంది. నేను ఆర్పుతాను. మధ్యాహ్నానికల్లా పేరుకున్న టిక్కీలన్నీ అయిపోయాయి. కొనేవాళ్ళు వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, కట్టు చూసి, భుజం తట్టి వెళ్ళారు. సాయంత్రానికి యాప్‌లో నా పేరు పక్కన నక్షత్రం వచ్చింది. వీరబ్రహ్మం గారు ఈ పద్ధతిని మిగతా మండలాలకు కూడా పంపిస్తానని సుబ్బరావమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాడట.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ రేకుల కింద కూర్చున్నాం. ఆవరణలో ఉన్నంతసేపూ పని వేళే కాబట్టి నియమం అన్నానికి కూడా వర్తిస్తుంది. ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. ఆ రోజు ఇమాం హుస్సేన్ తనే వెళ్ళి నా వీపు వెనక కూర్చున్నాడు. క్యారియరు మూత తీసిన చప్పుడైంది. గోంగూర వాసన వచ్చింది. కాసేపటికి నా భుజం పక్కనుంచి కలిపిన అన్నం ఉన్న గిన్నె ఒకటి ముందుకొచ్చింది, ఎడమచేత్తో తినడానికి వీలుగా చెంచా పెట్టి. నేను తిన్నాను. అతనూ తింటున్నట్టు వినిపించింది.

అన్నం అయిపోయేదాకా నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇమాం హుస్సేన్ నా ముందుంటాడు. అందుకు నియమం ఒప్పుకోదు.